ఆవాలు చల్లితే నేల బాగుపడుతుందా?



ఈ నెల మన శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒకదానికి వెంటనే జవాబు రాయాలనిపించింది. రాసినది ఒక సహోదరి. ఊరి పేరు వద్దన్నది గనుక చెప్పడం లేదు. ఆమె ఉత్తరం సారాంశం ఇది.

"అన్నగారూ, మాది ఒక్క ఎకరం చేను. రోడ్డుకు దిగువన ఉంది. ఎగువనున్న ఖాళీ స్థలంలో కొన్ని సంవత్సరాలు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్లు. ఇప్పుడు వాళ్లు లేరు, షెడ్డు లేదు. నల్లని బూడిద కుప్ప మాత్రం అక్కడే ఉంది. వాన పడితే ఆ నీళ్లు మా చేలోకే దిగుతాయి. మట్టి పరీక్ష చేయిస్తే కిలో మట్టిలో 500 మిల్లీగ్రాముల సీసం ఉందని కాగితం వచ్చింది. ఆవాలు గానీ పొద్దుతిరుగుడు గానీ వేస్తే నేలలోని విషాన్ని లాగేస్తాయని మా మరిది పేపరులో చదివాడట. మూడు పంటలు వేస్తే చాలంటున్నాడు. వేస్తాం. కానీ ఆ ఆవకూర మేము తినవచ్చా? గేదెకు వేయవచ్చా? మనం తినకపోతే మానె, గింజలు సంతలో అమ్ముకుందాం అంటుంది మా అత్తమ్మ. నాకు మనసు ఒప్పడం లేదు. మా చిన్నవాడికి నాలుగేళ్లు. రోజంతా ఆ చేని గట్టు మీదే ఆడుకుంటాడు."

అమ్మా, ముందు నీ ప్రశ్నలకు సూటిగా జవాబు చెబుతాను. తినకూడదు. గేదెకు వేయకూడదు. అమ్మకూడదు. మూడు పంటలతో ఆ సీసం పోదు. అయితే మీ మరిది చదివినది పూర్తిగా అబద్ధం కాదు. ఎంతవరకు నిజమో, ఎక్కడ ఆగిపోతుందో తెలిస్తే మీరు డబ్బూ, కాలమూ పోగొట్టుకోకుండా ఉంటారు. ఇటువంటి చేలు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి గనుక అందరి కోసం వివరంగా రాస్తున్నాను.

మొక్క విషాన్ని ఎందుకు తాగుతుంది?

మొక్కకు కూడా కొద్దిగా లోహాలు కావాలి. జింకు లోపిస్తే వరి ఆకులు తుప్పు పట్టినట్లు అవుతాయని మన రైతులకు తెలుసు గదా. జింకు, ఇనుము, మాంగనీసు వంటివాటిని లోపలికి తీసుకోవడానికి వేరులో ప్రత్యేకమైన దారులు ఉంటాయి. కాడ్మియం అనే విషలోహం వీటిని పోలి ఉంటుంది. కాబట్టి వేరు మోసపోయి దానిని కూడా లోపలికి రానిస్తుంది.

చాలా మొక్కలు అలా వచ్చిన విషాన్ని వేరు దగ్గరే ఆపుకుంటాయి. కొన్ని మాత్రం పైకి పంపి, ఆకు కణాలలో సంచి వంటి గదుల్లో వేసి మూసేస్తాయి. అందువల్ల మొక్కకు హాని కలగదు. విషం నిండిన ఆకును పురుగులు కూడా అంతగా కొరకవు.

దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కలెడోనియా దీవిలో ఒక చెట్టు ఉన్నది. దాని పాలు నీలిపచ్చగా ఉంటాయి. ఆ పాలను ఎండబెడితే బరువులో నాలుగో వంతు నికెల్ లోహమేనని 1976లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. పాత బావుల గోడలకు, తేమ ఉన్న ఇటుకల సందుల్లో పువ్వు పూయని ఆకు మొక్కలు మొలుస్తుంటాయి. వాటిని ఫెర్న్ మొక్కలంటారు. అందులో ఒక జాతి మట్టిలోని పాషాణాన్ని, అనగా ఆర్సెనిక్‌ను, విపరీతంగా పీల్చుకుంటుందని 2001లో అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారు కనిపెట్టారు. కొయ్యకు చెద పట్టకుండా మందు పూసే చోట, విషపు నేలలో అది పచ్చగా పెరుగుతూ కనిపించింది.

కాబట్టి మొక్క నేలలోని విషాన్ని తీయగలదన్న మాట నిజమే. అయితే ఏ మొక్క, ఏ లోహాన్ని, ఎంత తీస్తుందన్నదే అసలు సంగతి.

ఆవమొక్క కథ

మన పోపు డబ్బాలో ఉండే ఆవాల జాతినే అమెరికా వారు ఇండియన్ మస్టర్డ్ అంటారు. 1990ల్లో న్యూజెర్సీ రాష్ట్రంలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఇల్యా రాస్కిన్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన తోటివారు దీనిని సీసం పట్టిన నేలలో పెంచి చూశారు. త్వరగా పెరుగుతుంది, ఆకు ఎక్కువ, లోహాన్ని తట్టుకుంటుంది. అయితే ఒక చిక్కు వచ్చింది. సీసం మట్టిని గట్టిగా పట్టుకొని ఉంటుంది. నీటిలో కరిగితే గాని వేరు దానిని పీల్చలేదు.

అందుకని ఇ.డి.టి.ఎ. అనే రసాయనం నేలకు కలిపారు. అది మట్టి నుంచి సీసాన్ని విడదీసి నీటిలో కలుపుతుంది. 1997లో అచ్చయిన ఒక పరిశోధనలో, కిలోకు 600 మిల్లీగ్రాముల సీసం ఉన్న మట్టిలో ఆ రసాయనం కలిపితే ఆవమొక్క ఎండు బరువులో 1.5 శాతం దాకా సీసం చేరింది. ఆవమొక్క సీసాన్ని లాగేస్తుందన్న కబురుకు బలం వచ్చింది ఇటువంటి ఫలితాల వల్లనే.

కానీ కరిగిన సీసమంతా మొక్కలోకే వెళ్లదు గదా. మిగిలినది వాన నీటితో కిందికి దిగుతుంది. ఆ రసాయనం కూడా నేలలో త్వరగా నశించదు. అంటే పైమట్టిలో కదలకుండా ఉన్న విషాన్ని మనమే బావిలోకి పంపినట్లు అవుతుంది. ఈ కారణం చేత ఆ పద్ధతి పొలాలకు పనికిరాకుండా పోయింది. అమ్మా, ఎవరైనా ఆ మందు పోయమని సలహా ఇస్తే ఒప్పుకోవద్దు.

మందు లేకుండా వేస్తే ఏమవుతుంది? మనమే లెక్క కట్టి చూద్దాం. ఎకరం చేనులో 6 అంగుళాల లోతు మట్టి దాదాపు 9 లక్షల కిలోలు తూగుతుంది. కిలోకు 500 మిల్లీగ్రాముల చొప్పున అందులో సీసం 450 కిలోలు. ఆవపంట బాగా పెరిగి, ఆకూ కాడా గింజా అంతా కలిపి ఎండినవి 2 టన్నులు వచ్చిందనుకుందాం. మందు లేకుండా కిలోకు 100 మిల్లీగ్రాముల సీసం పైకి రావడమే గొప్ప. అలా వచ్చినా ఒక పంటకు బయటికి వెళ్లేది 200 గ్రాములు. సీసాన్ని సగానికి తగ్గించాలంటే 1,100 పంటలకు పైగా కావాలి. ఏడాదికి రెండు పంటలు వేసినా 550 సంవత్సరాలు పడుతుంది. మీ మరిదికి ఈ లెక్క చూపించు.

పొద్దుతిరుగుడు సంగతి కూడా అంతే. సోవియట్ యూనియన్ విడిపోయిన తరువాత 1990ల్లో, ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ దగ్గర ఒక చెరువులో తెప్పల మీద పొద్దుతిరుగుడు పెంచితే, వేళ్లు నీటిలోని అణుధార్మిక పదార్థాలను బాగా పట్టుకున్నాయి. ఆ ఆశతో 2011లో జపానులోని ఫుకుషిమా ప్రమాదం తరువాత చాలా చోట్ల పొద్దుతిరుగుడు నాటారు. తీరా ప్రభుత్వం కొలిచి చూస్తే, మట్టిలోని సీజియంలో 2 వేలవ వంతు మాత్రమే మొక్కలోకి వచ్చింది. నీటిలో పనిచేసినది బంకమట్టిలో పనిచేయలేదు.

వరి మడిని వరే శుభ్రం చేసిన సంగతి

మరి ఎక్కడైనా ఈ పద్ధతి ఫలించిందా? ఫలించింది. అదీ మన వరితోనే.

జపానులో తొయామా అనే ప్రాంతంలో జింజు నది ఉన్నది. ఎగువన కమియోకా అనే చోట జింకు, సీసం గనులు. గని మురుగులోని కాడ్మియం నదిలో కలిసి, కాలువల ద్వారా వరి మళ్లలోకి చేరింది. దశాబ్దాల పాటు ఆ అన్నం తిని, ఆ నీళ్లు తాగిన వారికి మూత్రపిండాలు చెడి, ఎముకలు మెత్తబడ్డాయి. ముఖ్యంగా బిడ్డలను కన్న నడివయసు స్త్రీలకు. దగ్గినా ఎముక విరిగేది. నొప్పి తాళలేక "ఇతాయ్, ఇతాయ్" అని ఏడ్చేవారు. నొప్పి, నొప్పి అని దాని అర్థం. ఆ వ్యాధికి అదే పేరు నిలిచిపోయింది.

నోబొరు హగినో అనే స్థానిక వైద్యుడు దీనికి గని మురుగే కారణమని పట్టుబట్టి చెప్పాడు. చివరకు 1968లో జపాను ప్రభుత్వం ఒప్పుకున్నది. రోగులు, రైతులు కోర్టుకు వెళ్లి 1971లోనూ, అప్పీలులో 1972లోనూ గెలిచారు. గెలిచి పరిహారంతో ఊరుకోలేదు. ఏటా తాము, తమ నిపుణులు గని లోపలికి వెళ్లి మురుగును తనిఖీ చేసుకునే హక్కు రాయించుకున్నారు. ముందు విషం పుట్టే చోట దానిని ఆపారు, తరువాతనే మడి సంగతి చూశారు.

ఆ మళ్లను బాగు చేయడానికి చెడ్డ మట్టిని కిందికి పూడ్చి, పైన మంచి మట్టి పరిచారు. 863 హెక్టార్లు బాగు చేసే ఆ పని 2012 దాకా, 30 ఏళ్లకు పైగా సాగింది. 4 వేల కోట్ల యెన్లకు పైగా ఖర్చయింది. ప్రతి ఊరికీ అది సాధ్యమా?

అందుకే జపాను శాస్త్రజ్ఞులు వేరే దారి వెతికారు. వరిలోనే కాడ్మియాన్ని ఎక్కువగా పీల్చే రకాలు ఉన్నాయని గమనించి, చోకోకోకు అనే రకాన్ని ఎంచుకున్నారు. వారి ఫలితం 2009లో అచ్చయింది. మడిలో నీరు తీసేసి, ఆరబెట్టి, రెండేళ్లు ఆ రకాన్ని పండించారు. హెక్టారుకు 883 గ్రాముల కాడ్మియం బయటికి వచ్చింది. అంటే ఎకరానికి సుమారు 357 గ్రాములు. మట్టిలోని కాడ్మియం 38 శాతం తగ్గింది. తరువాత అదే మడిలో తినే వరి వేస్తే గింజలో కాడ్మియం 47 శాతం తగ్గింది, దిగుబడి తగ్గలేదు.

మడిని ఎందుకు ఆరబెట్టారో వరి రైతులు గమనించాలి. నీరు నిలిచి ఉన్నప్పుడు కాడ్మియం గంధకంతో కలిసి కరగని పదార్థంగా మారి మట్టిలోనే ఉండిపోతుంది. నీరు తీసి గాలి తగిలిస్తే అది కరుగుతుంది, వేరు పీల్చుకుంటుంది. కాబట్టి విషం లాగాలంటే ఆరబెట్టాలి. తినే వరి వేసినప్పుడు మాత్రం వెన్ను తీసే రోజుల్లో నీరు నిలపాలి. ఆర్సెనిక్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. నీరు నిలిచిన కొద్దీ గింజలోకి ఎక్కువ వస్తుంది. ఏ విషం ఉన్నదో తెలియకుండా నీటి సలహా ఇవ్వకూడదని దీనివల్ల తెలుస్తుంది.

కాడ్మియం విషయంలో ఫలించినది సీసం విషయంలో ఎందుకు ఫలించదు? కాడ్మియం ఎకరానికి ఒక కిలో ఉన్నా తిండి చెడుతుంది. ఆ కొద్దిపాటిని మొక్క కొన్ని పంటల్లో తీయగలదు. మీ చేనులో ఉన్నది 450 కిలోల సీసం. పైగా అది మట్టిని వదలదు.

ఇంకొక మాట. మొక్క విషాన్ని చంపదు, ఒక చోటి నుంచి ఇంకొక చోటికి మారుస్తుంది, అంతే. కోసిన గడ్డిని మడిలోనే దున్నేస్తే విషం మళ్లీ అక్కడికే చేరుతుంది. గేదెకు వేస్తే పాలలోకి వస్తుంది. పొయ్యిలో పెడితే పొగలోకి, బూడిదలోకి పోతుంది. దానిని విడిగా తీసుకెళ్లి, పొగను వడకట్టే కొలిమిలో కాల్చి, బూడిదను భద్రం చేసే ఏర్పాటు ఉంటేనే ఈ పద్ధతి మొదలుపెట్టాలి.

ఇప్పుడు మీరు చేయవలసినది

మొదట చిన్నవాడి సంగతి. సీసం వల్ల పిల్లల మెదడు దెబ్బతింటుంది. పైకి ఏమీ కనిపించకపోవచ్చు. వాడు ఆ గట్టు మీద ఆడుకోవడం ఈ రోజే మానిపించు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, సంగతి చెప్పి, రక్తంలో సీసం పరీక్ష రాయించుకో. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే అది ఎక్కడ నుంచి వస్తుందో కనిపెట్టి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. నీ భర్తకూ, నీకూ చేయించడం మంచిది. గర్భవతులు ఉంటే తప్పక చేయించాలి. ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల ఒంటికి సీసం మరింత పడుతుంది. కాబట్టి రాగిజావ, పాలు, గుడ్డు, మంచి నేలలో పండిన ఆకుకూర పెట్టు. చేనులో తిరిగిన చెప్పులు గుమ్మం బయటే విడవండి. అన్నానికి ముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇల్లు పొడి చీపురుతో ఊడవక తడిబట్టతో తుడవండి.

రెండవది, ఎగువనున్న బూడిద కుప్ప. అది ఉన్నంతకాలం ప్రతి వానకూ కొత్త సీసం వస్తూనే ఉంటుంది. దానిని మీరు ముట్టుకోవద్దు, పారతో ఎత్తవద్దు. పరీక్ష కాగితం జతపరచి పంచాయతీకీ, కాలుష్య నియంత్రణ మండలికీ, సోమవారం కలెక్టరు కార్యాలయంలోనూ అర్జీ పెట్టండి. దిగువ రైతులందరూ సంతకాలు చేయాలి. మన దగ్గర పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురుగు నక్కవాగులో కలిసి పొలాలు పాడైనప్పుడు, 1990లో ఆ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రైతులకు పరిహారం ఇవ్వమని కోర్టు ఆదేశించింది. ఒక్కరి గొంతు అంత దూరం వినిపించదు.

మూడవది, మొక్క సహాయం. విషాన్ని లాగే మొక్క వద్దు, విషాన్ని కదలకుండా పట్టే మొక్క కావాలి. దానికి వట్టివేరు మంచిది. వేసవిలో తడికెలకు కట్టుకునే వట్టివేరే. ప్రపంచంలో అనేక చోట్ల గనుల వ్యర్థాల మీద దీనిని నాటారు. వేళ్లు నిలువుగా చాలా లోతుకు దిగుతాయి, పట్టిన లోహాన్ని ఎక్కువగా వేళ్లలోనే ఉంచుకుంటాయి. ఎగువ గట్టు పొడవునా దగ్గర దగ్గరగా రెండు వరసలు వేస్తే వాన నీటితో వచ్చే మట్టి అక్కడ ఆగుతుంది. వేళ్లు తవ్వి అమ్మకండి, ఆకు పశువులకు వేయకండి.

నాలుగవది, చేను. అందులో ఆకుకూరలు, ముల్లంగి, క్యారెట్, దుంపలు వేయవద్దు. సీసం కాయలోకి అంతగా రాదు. ఆకుకూ దుంపకూ అంటిన మట్టి వల్లనే ఎక్కువ ప్రమాదం. ప్రస్తుతానికి బంతి, చామంతి వంటి పూలు గానీ, కర్రకు సరుగుడు గానీ వేసుకోవచ్చు. సరుగుడును పొయ్యి కట్టెగా వాడవద్దు. పశువుల ఎరువు బాగా వేయండి. బ్యాటరీ ఆసిడ్ వల్ల నేల పులిసి ఉంటే సున్నం వేయాలి. అప్పుడు సీసం మట్టిని ఇంకా గట్టిగా పట్టుకొని ఉంటుంది. ఎంత వేయాలో వ్యవసాయ విశ్వవిద్యాలయం వారిని గానీ, కృషి విజ్ఞాన కేంద్రం వారిని గానీ అడగండి. బావి నీటికీ పరీక్ష చేయించండి.

తక్కిన పాఠకులకు ఒక మాట. 2015లో వచ్చిన భూసార కార్డులో 12 అంశాలు పరీక్షిస్తారు. అందులో సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లేవు. కార్డు బాగున్నదని నిశ్చింతగా ఉండకూడదు. ఫ్యాక్టరీ మురుగు, పట్టణపు మురుగు, బ్యాటరీల పని దగ్గరలో ఉంటే విషలోహాల పరీక్ష విడిగా అడగాలి. మన ఇళ్లలో పాడైన ఇన్వర్టరు బ్యాటరీని, ట్రాక్టరు బ్యాటరీని పాత సామాను బండికి వేయకండి. కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి. పాత బ్యాటరీలను తిరిగి తీసుకోవాలని 2001 నుంచి నియమాలు ఉన్నాయి, 2022లో కొత్తవి వచ్చాయి. ఆ సహోదరి చేనులోకి దిగిన సీసం కూడా ఎవరో ఒకరు బండికి వేసిన బ్యాటరీలోదే గదా.

చివరగా అత్తమ్మగారి మాట. ఆమె చెడ్డ మనిషి అని నేననుకోను. ఎకరం చేనే ఆధారమైన ఇంట్లో పంట వదులుకోమనడం తేలిక కాదు. కానీ అమ్మా, ఆమె పక్కన కూర్చొని ఈ సంగతి చెప్పు. గానుగలో ఆవాలు ఆడిస్తే లోహం నూనెలోకి తక్కువగా వస్తుంది, చెక్కలో నిలుస్తుంది. ఆ చెక్కను ఎవరి గేదో తింటుంది. ఆ గేదె పాలు ఏ నాలుగేళ్ల బిడ్డో తాగుతాడు. ఆ బిడ్డ ముఖం మనకు కనిపించదు, అంతే తేడా. మన పిల్లవాడికి పెట్టలేనిది సంతకు తీసుకెళ్లలేము. నీ మనసు ఒప్పలేదన్నావు. నీ మనసు చెప్పినదే సరైనది.

వాడి పరీక్ష ఫలితం రాగానే నాకు రాయి. మీ ఊళ్లలో ఇటువంటి చేలుంటే మీరు కూడా రాయండి.